రెండోసారి అడగడం

2009 జూన్ 9, మంగళవారం, మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలకు మస్కట్‌లో నేను అన్నం వద్దన్నాను. మొదలైంది అక్కడే. నా చేతి గడియారం ఇంకా మన టైములోనే ఉంది, రెండూ నలభై చూపిస్తోంది. తెల్లవారుజామున విమానంలో ఇచ్చిన రొట్టెముక్క తప్ప కడుపులో ఏమీ లేదు.

నన్ను పనిలోకి తీసుకున్నది ఒక విదేశీ కంపెనీ గెస్ట్‌హౌస్ వాళ్ళు. పన్నెండు గదులు. ఇంజనీర్లు వస్తూ పోతూ ఉంటారు. సరుకులు తెప్పించడం, దుప్పట్ల లెక్క, బట్టలు ఉతికేవాళ్ళ లెక్క, గదుల శుభ్రం చూసుకోవడం నా పని. గెస్ట్‌హౌస్ నడిపే మేడమ్ జర్మనీ ఆవిడ, నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. నా పెట్టె గదిలో పెట్టించి, భోజనాల గదికి తీసుకొచ్చి, బల్ల మీదున్న అన్నమూ కూరా చూపించి, తింటారా అని ఇంగ్లీషులో అడిగింది.

"వద్దు మేడమ్, పరవాలేదు" అన్నాను.

"సరే" అంది. గిన్నెల మీద మూతలు పెట్టింది. వాటిని ఫ్రిజ్‌లో సర్దింది. నావైపు చూసి నవ్వి, తన ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది.

నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. మళ్ళీ వచ్చి అడుగుతుందని. రెండింటికి ఆమె గది తలుపు తెరుచుకుంది గాని వచ్చింది నీళ్ళ కోసం. నన్ను చూసి ఇంకా ఇక్కడే ఉన్నారేమిటి, విశ్రాంతి తీసుకోండి అంది. రాత్రి ఎనిమిదింటికి వంటవాడు అందరికీ పెట్టేదాకా నేను ఏమీ తినలేదు.

మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. అయినా రాస్తాను, తర్వాత జరిగినదంతా దీని మీదే నిలబడింది కాబట్టి. మా ఇంట్లో మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగితే "ఇప్పుడేగా తిన్నది" అనాలి. మూడోసారి అడిగాక "సరే, కొంచెం" అనాలి. అడిగేవాళ్ళకీ ఇది తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. మొదటి వద్దు మర్యాద, మూడో వద్దు నిజం. ఈ రెంటికీ మధ్య ఉన్నది గొంతు. గొంతును బట్టి అసలు ఆకలి ఉందో లేదో కనిపెట్టాలి.

ఇదంతా నాకు నేర్పింది మా అక్క. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను చూసుకున్నది తనే. "పరాయింట్లో మొదటిసారే ఊ అన్నావో, ఇంటికొచ్చాక చెప్తా నీ సంగతి" అని గుమ్మం దగ్గరే బెదిరించి మరీ తీసుకెళ్ళేది. ఆమెను ఇచ్చింది దివిసీమలో, అవనిగడ్డ దగ్గర. బావగారు ప్రాథమిక పాఠశాల మాస్టారు. వాళ్ళ ఇంట్లో వడ్డన ఇంకా గట్టిది. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పప్పు పోసేవాళ్ళు. అక్క అక్కడికి వెళ్ళాక మరీ ఆరితేరింది. అన్నం సంగతే కాదు, చీర కావాలన్నా, ఒంట్లో బాగాలేకపోయినా, మూడుసార్లు అడిగితేగాని నోరు విప్పేది కాదు. బావగారు అడిగేవారు. ఆయనకు ఓపిక ఉండేది.

ఆయన 2001లో పోయారు. పిల్లలు లేరు. అక్క కుటుంబ పింఛనుతో బందరు వచ్చి నాతో ఉంది. నాకు పెళ్ళి కుదరలేదు, దాని గురించి ఇక్కడ రాయను. ఒక బట్టల కొట్టులో ఇరవై మూడేళ్ళు లెక్కలు రాశాను. ఈడేపల్లిలో ఒక పోర్షనులో అద్దెకుండేవాళ్ళం. "మోటారు ఎంతసేపు వేస్తారండీ" అని పైనుంచి ఇంటావిడ అరిచినప్పుడల్లా అక్క గాబరాపడి, సగం నిండిన బకెట్టుతోనే మోటారు ఆపేసేది. కొట్టు మూసేశారు. నాకు యాభై ఒకటో ఏడు. ఇంగ్లీషూ లెక్కలూ వచ్చిన ఆడమనిషి కావాలని బందరు ఏజెంటు ఒకాయన చెప్పాడు. వెళ్ళింది ఒకటే పని మీద. ఇద్దరికీ ఒక సొంత ఇల్లు. ఎవరూ మోటారు గురించి అడగని ఇల్లు.

మస్కట్‌లో రెండో రోజూ అలాగే జరిగింది. నేను వద్దన్నాను, ఆవిడ సరే అంది. మేడమ్ కోసం తీసుకెళ్ళిన బందరు లడ్డూల పొట్లం ఇస్తే, మూత తీసి వాసన చూసి, "మేము తీపి తినం, థాంక్స్" అని నా చేతికే తిరిగిచ్చింది. ఎవరైనా ఇచ్చింది తిరిగివ్వడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రాత్రి గదిలో ఏడిచాను.

లడ్డూలు పక్కింటికి వెళ్ళాయి. మా డ్రైవరు ఒమనీ అతను, ప్రహరీ అవతలే ఇల్లు. అతని తల్లి గోడ దగ్గర నన్ను చూసి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. ఖర్జూరాలు పెట్టింది. చెవి లేని చిన్న గిన్నెలో యాలకుల వాసన వేసే కాఫీ పోసింది. తాగాను, మళ్ళీ పోసింది. వద్దన్నాను, పోసింది. రెండు చేతులూ ఊపాను, పోసింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇది మన అవనిగడ్డే అనుకున్నాను. ఆరో గిన్నె దాటాక ఇక నావల్ల కాలేదు. ఆవిడ నా అవస్థ చూసి పగలబడి నవ్వి, నా మణికట్టు పట్టుకుని ఖాళీ గిన్నెను అటూ ఇటూ రెండుసార్లు ఆడించింది. చాలు అని చెప్పడానికి అక్కడ అదీ పద్ధతి. గిన్నె ఆడించనంతవరకూ పోస్తూనే ఉంటారు. ఆడిస్తే ఆగిపోతారు. లడ్డూలు ఆవిడ అప్పుడే రెండు తినేసింది.

ఒకే ప్రహరీకి ఇటు ఒక పద్ధతి, అటు ఒక పద్ధతి. కాని నాకు జీతం ఇచ్చేది ఇటు.

నెలరోజుల తర్వాత మేడమ్‌కి విషయం చెప్పాను. మొదటి రోజు నాకు ఆకలిగా ఉందని. ఆవిడ ఆశ్చర్యపోయింది, తర్వాత కోపగించుకుంది. "మీరు చిన్నపిల్ల కాదు. వద్దని చెప్పారు. మీ మాట నేనెందుకు నమ్మకూడదు? మళ్ళీ అడిగితే మీరు అబద్ధం చెప్పారని అన్నట్టు కాదా?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. యాభై ఏళ్ళ వయసులో, ఇరవై మూడేళ్ళు కొట్టులో లెక్క తప్పకుండా రాసినదాన్ని, నా మాటను మొదటిసారే నమ్మిన మనిషి ఆవిడే. కొట్టులో యజమాని నా మొత్తాలు మళ్ళీ కూడి చూసుకునేవాడు. ఈవిడ నేనిచ్చిన కాగితం చూసి సంతకం పెట్టేది. ఏదైనా తప్పుంటే తప్పు అని మొహం మీదే చెప్పేది, పది నిమిషాలకి మర్చిపోయేది. నేను స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి "అవును, కావాలి", "లేదు, అక్కర్లేదు" అని పైకి అనుకుని అలవాటు చేసుకున్నాను. మొదట నోరు తిరగలేదు. మూడు నెలలకి తిరిగింది. ఏడాదికి అదే హాయిగా ఉంది. మనసులో ఒకటి, పైకి ఒకటి మోసే బరువు తగ్గింది. ఆ సంగతి దాచను. అది మంచిదేనని ఇప్పటికీ అంటాను.

శుక్రవారాలు, ఆ ఊళ్ళోనే రువీ అనే పేటలో, తెలుగువాళ్ళ గదిలో కలిసేవాళ్ళం. అక్కడ గిలకలదిండి నుంచి వచ్చిన ఒకామె ఉండేది, పడవల మీద బతికే కుటుంబం, ఒక అరబ్బు ఇంట్లో వంట. ఎండుచేపల పులుసు పెట్టి నాలుగు గదులవాళ్ళకి పంచేది. నేను తిననని తెలిసి నాకు విడిగా చింతకాయ పచ్చడి తెచ్చేది.

"ఇంకాస్త ఏసుకో అక్కా."

"చాలు."

"ఏసుకోవమ్మా, ఏం మొహమాటం?"

"చాలన్నానుగా. కావాలంటే అడుగుతాను."

ఆమె గరిటె పట్టుకుని నవ్వింది. "ఓయమ్మో, అక్కకి దొరసానమ్మ పూనింది! అక్కా, ఆ యవ్వారం డ్యూటీలోనే వదిలేసి రావాల. నేను చూడు, ఆళ్ళింట్లో ఒక నోరు, ఈడ ఒక నోరు. చెప్పులు బయట ఇప్పి లోనకి రావట్లా? అట్టాగే."

ఆమెకి చేతనైంది. చాలామందికి చేతనైంది. ఎనిమిది గంటలు అక్కడి మనిషిగా ఉండి, గదికొచ్చి మన మనిషి అయిపోయేవాళ్ళు. నాకు రెండు రకాల లెక్క రాయడం చేతకాదు. కొట్టులో కూడా యజమాని పన్ను కోసం రెండో పుస్తకం రాయమంటే రాయనన్నాను. ఒకటే రాస్తాను. మస్కట్‌లో ఒకటే రాసుకున్నాను, అది అక్కడిది.

వారానికోసారి అక్కకి ఫోన్. మొదటి రెండేళ్ళు, తను వద్దన్నవన్నీ పంపాను. చీర వద్దంది, పంపాను. మోకాళ్ళకి తైలం వద్దంది, పంపాను. "ఎందుకే ఇవన్నీ, నీకు పని లేదా" అని తిట్టేది. ఆ తిట్టులో సంతోషం ఉండేది, నాకు వినిపించేది. ఎప్పుడు వినిపించడం మానేసిందో చెప్పలేను, ఆ తేదీ ఒక్కటే నా దగ్గర లేదు. ఒక చలికాలం మెత్తటి దుప్పటి చూశాను.

"దుప్పటి కావాలా అక్కా?"

"నాకెందుకే దుప్పటి, ఉన్నాయిగా."

"సరే అయితే."

లైను కట్టయిందనుకుని హలో హలో అన్నాను. "ఉన్నానే" అంది.

2013 మార్చిలో తనే ఫోన్ చేసింది, ఎప్పుడూ చెయ్యని మనిషి. "ఒక్కదాన్నే ఎందుకు ఇక్కడ, గుడివాడ పిల్లాడు రమ్మంటున్నాడు. పోర్షను ఖాళీ చేసి వెళ్ళిపోనా?" అని. గుడివాడ పిల్లాడంటే మా పోయిన అన్నయ్య కొడుకు, మా మేనల్లుడు. నేను, "నీకు ఎలా బాగుంటే అలా చెయ్యి అక్కా" అన్నాను. అక్కడ అది ఒక మనిషికి ఇవ్వగలిగిన పెద్ద గౌరవం. ఇక్కడ దానికి అర్థం, నువ్వు ఏమైపోతే నాకేంటి అని. ఇప్పుడు తెలుసు. ఆ రోజు ఫోన్ పెట్టేసి, ఎంత బాగా మాట్లాడానో అనుకుని నిద్రపోయాను. ఆ నెలలోనే అక్క గుడివాడ వెళ్ళిపోయింది.

బందరులోనే, చిలకలపూడిలో స్థలం కొన్నాను. మేస్త్రీ ఫోటోలు పంపితే అక్కడినుంచే చూసి కట్టించాను. రెండు పడకగదులు. తూర్పు గది అక్కది. మోకాళ్ళ నొప్పులని దాని గడప ఎత్తు తగ్గించమన్నాను. స్నానాల గదిలో గోడకి పట్టుకోవడానికి గొట్టం పెట్టించాను. మేస్త్రీ "ఇదేమన్నా ఆసుపత్రాండీ" అన్నాడు. పెట్టు అన్నాను. మోటారు స్విచ్చి అక్క గదిలోనే పెట్టించాను.

2019 ఆగస్టులో వచ్చేసి, ఇంకా పని సాగుతున్న ఆ ఇంట్లోనే దిగాను. పదేళ్ళ రెండు నెలలు. రాగానే తెలిసింది, నాకు బందరులో బతకడం మళ్ళీ నేర్చుకోవాలని. ఎదురింటావిడ "తీరిగ్గా రండి మా ఇంటికి" అంది. "ఆదివారం నాలుగింటికి రానా?" అన్నాను. ఆవిడ తెల్లబోయి ఊ అంది. ఆదివారం నాలుగింటికి తలుపు కొడితే నైటీలో, తలకి నూనెతో తీసింది. ఆ తర్వాత ఆ వీధిలో నన్ను ఎవరూ రమ్మనలేదు. కాఫీ తాగుతారా అంటే తాగుతాను అనేదాన్ని. మొహాలు మారేవి. ఫారిన్‌లో ఉండొచ్చి సిగ్గూ శరం పోయాయి అనుకున్నారట. డబ్బు గర్వం అన్నారట. నాకు గర్వపడేంత డబ్బు లేదు. అంతా గోడల్లో పోశాను.

2019 నవంబరు 17, ఆదివారం, కార్తీకమాసం. ఇల్లు పూర్తయి సున్నాలు కూడా వేశారు. ఉదయం బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. పదకొండు గంటలకి అక్క వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. మంచి చీర కట్టుకుంది. నేనొస్తున్నానని కట్టుకుంది అనుకున్నాను. మేనల్లుడి భార్య కాఫీ తెచ్చింది. అప్పుడు అడిగాను.

"అక్కా, ఇల్లు పూర్తయింది. నీ గది సిద్ధంగా ఉంది. వస్తావా?"

అక్క చీర కొంగు సర్దుకుంది. "ఇప్పుడెందుకులేవే. ఇక్కడ బానే ఉందిగా. నీకెందుకు శ్రమ?"

"శ్రమేం లేదు. నువ్వు వద్దనుకుంటే బలవంతం చెయ్యను. నీ ఇష్టం."

"ఊఁ" అంది.

పదేళ్ళు ఆ ఇంటి కోసం ఉన్నాను. కాని ఆమె మాటను గౌరవించాను. డెబ్భై ఏళ్ళ మనిషి, వద్దని చెప్పింది, ఆ మాట నేనెందుకు నమ్మకూడదు? కాఫీ తాగాను. పన్నెండూ నలభై బస్సుకి వచ్చేశాను. దారిలో, గుడ్లవల్లేరు దాటేదాకా, నన్ను కాదనుకుని మేనల్లుణ్ణి కోరుకుందని అక్క మీద కోపంగా ఉంది. ఆ కోపం చాలాకాలం ఉంచుకున్నాను.

తర్వాత కరోనా వచ్చింది, రెండేళ్ళు ఫోన్లే. అక్క ఫోన్లో పొడిపొడిగా మాట్లాడేది. తూర్పు గది ఖాళీగా ఉంటే నాకు దాని తలుపు తియ్యబుద్ధయ్యేది కాదు. 2021 ఆగస్టులో బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయికి అద్దెకిచ్చాను. వద్దన్న మనిషి కోసం గది అట్టే పెట్టడంలో అర్థం లేదనుకున్నాను.

2024 ఫిబ్రవరి 18, ఆదివారం. అవనిగడ్డలో బావగారి అన్నగారి ఇంట్లో మనవడి ఒడుగు. అక్కకి జ్వరమని రాలేదు. భోజనాల దగ్గర ఒక కుర్రాడు పులిహోర పట్టుకొచ్చాడు. చాలు బాబూ అన్నాను. వెయ్యబోయాడు. వద్దని చెప్పాను కదా అన్నాను, కాస్త గట్టిగానే. పక్కన కూర్చున్నది అక్క పెద్ద తోటికోడలు, ఎనభై దాటిన మనిషి, నాకు అక్కయ్యగారు. ఆవిడ కుర్రాడితో, "ఎయ్యకురా అబ్బీ, ఆవిడది ఫారిన్ నోరు. ఒకటే మాట, ఒకటే బేరం" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

చేతులు కడుక్కునే చోట నన్ను పట్టుకుంది. "నవ్వుకి అన్లేదమ్మాయ్. మీ అక్కని ఒక్కసారి అడిగి చేతులు దులుపుకుని వచ్చేశావుటగా?"

"వద్దందండీ. నేను అడిగాను. నవంబరు పదిహేడున."

"ఆహా, తేదీ కూడా ఉందా! శాస్త్రానికి ఓ మాట అడిగావు. ఎవరే మొదటిసారే వస్తాననేది? ముష్టిదా? నువ్వు వస్తున్నావని ముందు రోజే సంచి సర్దుకుందిట. బట్టలూ, మందులూ, నా మరిది ఫోటో. మంచం కింద పెట్టుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. నువ్వు కాఫీ తాగి, నీ ఇష్టం అని లేచిపోయావు."

నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను.

"నెలరోజులు ఆ సంచి విప్పలేదుట. మళ్ళీ అడుగుతావేమోనని. తర్వాత గది అద్దెకిచ్చావని తెలిసింది. అప్పుడు నాతో అంది, నా చెల్లెలు నన్ను రమ్మనలేదు అక్కయ్యా అని."

రమ్మనలేదు. నేను రమ్మన్నాను. తేదీ, గంట, కూర్చున్న కుర్చీ, అన్నీ నాకు తెలుసు. ఏ కోర్టులోనైనా చెప్తాను. అయినా అవనిగడ్డలో, గుడివాడలో, మా వాళ్ళందరి లెక్కలో నేను అడగలేదు. ఒక్కసారి అడిగింది అడిగినట్టు కాదు. ఇందులో నా తప్పు ఎంత అని నేనిక్కడ రాయబోవడం లేదు. వస్తాను అని ఒక్క మాట అనడానికి అక్కకి ఎవరూ అడ్డు పడలేదు. సంచి సర్దుకున్న మనిషి సంచి చూపించొచ్చు. నేను పరాయిదేశంలో నోరు తెరవడం నేర్చుకున్నాను, యాభై ఒకటో ఏట. తను తన ఇంటి మనిషి ముందు నేర్చుకోలేకపోయింది. ఇలా అనుకుంటూనే బస్సులో చల్లపల్లి మీదుగా బందరు వచ్చాను. ఇంటికొచ్చి బ్యాంకు అమ్మాయిని నెలాఖరుకి ఖాళీ చెయ్యమని అడిగాను. మంచి పిల్ల, ఇరవై తొమ్మిదో తేదీనే వెళ్ళిపోయింది. గది కడిగించాను. మంచం వేయించాను.

మార్చి 3, ఆదివారం. రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చుని మూడుసార్లు ఎలా అడగాలో అనుకుంటూ వెళ్ళాను, మస్కట్‌లో అద్దం ముందు నిలబడి అనుకున్నట్టే. పొద్దున ఏమీ తినలేదు. అక్క తినిపించకుండా వదలదు కదా అని.

అక్క అదే వరండాలో ఉంది. చూపు తగ్గింది, దగ్గరికొచ్చేదాకా నన్ను పోల్చుకోలేదు. మేనల్లుడి భార్య "రండి చిన్నత్తయ్యా" అని కుర్చీ వేసి, పిల్లల స్కూలు బట్టలు నానబెట్టానంటూ పెరట్లోకి వెళ్ళింది. చెడ్డది కాదు. నాలుగు చేతుల పని చేస్తుంది.

"అక్కా, గది ఖాళీ చేయించాను. నువ్వు రావాలి."

"ఇప్పుడెందుకులేవే."

ఇది మొదటిది. లెక్కపెట్టుకున్నాను.

"నువ్వు లేకుండా ఆ ఇల్లు నాకెందుకు? దానికోసమే వెళ్ళాను. రా అక్కా."

"ఇక్కడ అలవాటైపోయిందే. మంచం ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో చూడకుండా తెలుసు."

రెండు.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నేను అప్పుడు ఒక్కసారే అడిగాను, నిజమే. ఇప్పుడు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను. వచ్చెయ్."

"వద్దన్నానుగా" అంది అక్క. కోపం లేదు. ఏడుపు లేదు. నవ్వు లేదు.

నేను ఆ గొంతు వైపే చెవి పెట్టి ఉన్నాను. చిన్నప్పుడు పక్కగదిలోంచి ఆమె వద్దు అంటే, అది ఆకలి వద్దో, అలక వద్దో, అసలు వద్దో నాకు ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు ఏమీ తెలియలేదు. మూడోది కాబట్టి నిజమై ఉండాలి. లేదా నాలుగేళ్ళ కిందటి బాకీకి నన్ను ఇంకా మూడుసార్లు అడిగిస్తోందేమో. నాలుగోసారి అడిగితే వచ్చేదేమో, లేక మొహం మీద కొట్టినట్టు మాట్లాడేదేమో. పోల్చుకోలేకపోయాను. మేడమ్ దగ్గర పదేళ్ళు మాటను అన్నది అన్నట్టుగా వినడం నేర్చుకున్నాను. ఆ చెవి మళ్ళీ తిరగలేదు.

వీధిలో ఇడ్లీపిండి అమ్మే అతను మైకు పెట్టుకుని వెళ్ళాడు. అప్పుడు అక్క అడిగింది.

"కాఫీ తాగుతావా?"

పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, చెప్పాను కదా. తాగుతాను అనడం నాకు పదేళ్ళకు పైగా అలవాటు. కాని ఆ రోజు అక్క ముందు, అక్క చెల్లెలిలా ఉందామనుకున్నాను. పాత పద్ధతిలో.

"వద్దులే అక్కా" అన్నాను. అని ఎదురుచూశాను.

"సరే" అంది అక్క.

అంతే. కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. నేను కాసేపు కూర్చున్నాను. లేచాను. వెళ్ళొస్తాను అంటే ఊఁ అంది. ఒంటి గంటా ఇరవైకి స్టేషనులో ఉన్నాను. ప్లాట్‌ఫాం మీద టీ ఉంది, తాగలేదు.

ఇది రాసేనాటికి అక్క గుడివాడలోనే ఉంది. నేను బందరులో ఉన్నాను. పోయినవి ఇవి.

పరాయిదేశంలో పదేళ్ళ రెండు నెలలు. వచ్చాక కలిసి ఉండగలిగి కూడా ఉండని నాలుగేళ్ళ మూడు నెలల పదిహేను రోజులు, ఆ తర్వాతి రోజులన్నీ. అక్క పడుకోని ఒక గది. సర్ది, విప్పేసిన ఒక సంచి. మా అక్క రెండోసారి అడగడం. ఏ వద్దు ఏ వద్దో పోల్చుకునే నా చెవి.

ఒక గ్లాసు కాఫీ.